వదిలినప్పుడు విరిగే రాయి: చంద్రుడి పటలం ముక్కలైన తీరు

1970 ఏప్రిల్‌లో అపోలో 13ని మోసుకెళ్లిన రాకెట్ మూడో దశను, దాని పని అయిపోయాక, కావాలనే చంద్రుడి మీద కూల్చారు. బరువు సుమారు 14 టన్నులు, వేగం సెకనుకు రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. అది పడిన చోటికి 135 కిలోమీటర్ల దూరంలో, అంతకు అయిదు నెలల ముందు అపోలో 12 వ్యోమగాములు పెట్టి వచ్చిన కంపమాపకం ఉంది. ఆ దెబ్బకు మొదలైన అదురు మూడు గంటలకు పైగా ఆగలేదు. భూమి మీద అంత దెబ్బ అంత దూరంలో తగిలితే కంపమాపకం గీత కొన్ని నిమిషాల్లో సద్దుమణుగుతుంది.

ఎంతసేపు అదిరిందన్న దానికంటే ఎలా అదిరిందన్నదే ఎక్కువ విషయం చెబుతుంది. భూమి మీద నమోదయ్యే గీతలో మొదటి తరంగం టక్కున లేస్తుంది, కాసేపటికి రెండోది లేస్తుంది, రెంటినీ వేలు పెట్టి చూపించవచ్చు. చంద్రుడి గీత అలా ఉండదు. కనీకనిపించకుండా మొదలై, నిమిషాల తరబడి ఉబ్బుతూ పోయి, ఆ తరవాత గంటల తరబడి సన్నగిల్లుతుంది. మొత్తం చూస్తే నూలు చుట్టిన కదురులా ఉంటుంది. చంద్రుడు గంటలా మోగాడని అప్పట్లో రాశారు. ఆ పోలిక ఇప్పటికీ తిరుగుతోంది, కానీ అది తప్పుదారి పట్టిస్తుంది. గంట ఏకముక్క లోహం కాబట్టి మోగుతుంది. పగిలిన గంట మోగదు. చంద్రుడు అంతసేపు అదిరింది లోపల ముక్కచెక్కలుగా పగిలి ఉన్నందువల్ల, పైగా ఆ పగుళ్లలో చుక్క నీరు లేనందువల్ల.

పగుళ్లు తరంగాన్ని చెదరగొడతాయి. ప్రతి పగులు దగ్గరా కొంత ముందుకు పోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత పక్కకు మళ్లుతుంది. నేరుగా రావాల్సిన శక్తి సందుగొందులన్నీ తిరిగి నింపాదిగా చేరుతుంది కాబట్టే ఆ ఉబ్బు. ఇక అది చల్లారకపోవడానికి కారణం పొడితనం. రాతి రేణువుల మధ్య అణువుల మందాన నీటి పొర ఉన్నా చాలు, కంపనం అక్కడ రాపిడిగా మారి వేడైపోతుంది. ప్రయోగశాలలో రాయిని శూన్యంలో ఉంచి, వేడిచేసి, ఆ తేమను పూర్తిగా లాగేస్తే అదే రాయి ఎన్నో రెట్లు ఎక్కువసేపు కంపిస్తుంది.

అంటే ఆ గీత రెండు సంగతులు చెప్పింది: పటలం, అంటే చంద్రుడి పైరాతి పొర, చాలా లోతు దాకా పగిలి ఉంది, అది ఎండిపోయి ఉంది. అంత లోతు దాకా ఏది పగలగొట్టింది?

నొక్కుడు, ఆ వెంటనే లాగుడు

ఉల్క వచ్చి గుద్దితే రాయి పగులుతుంది, ఇందులో వివరించడానికేముంది అనిపించవచ్చు. కానీ గుద్దుడు వల్ల ఏ రాయి ఎలా పగిలిందన్నది అంత సూటిగా ఉండదు.

చంద్రుణ్ణి ఢీకొట్టే గ్రహశకలాల వేగం సగటున సెకనుకు 20 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఢీకొట్టేదీ ఢీకొట్టించుకునేదీ ఒకే రకం రాయి అనుకుంటే, తాకిన చోట రాయి అందులో సగం వేగంతో, అంటే సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో లోపలికి నెట్టబడుతుంది. ఆ నెట్టుడుకు ముందు పరిగెత్తే షాక్ తరంగం వేగం 19 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాతి సాంద్రతను (ఘనమీటరుకు 2,800 కిలోలు) ఈ రెండు వేగాలతో గుణిస్తే పీడనం వస్తుంది: సుమారు 500 గిగాపాస్కల్‌లు, భూమి కేంద్రంలోని పీడనం కంటే ఎక్కువ. కిలోమీటరు వెడల్పున్న శకలం విషయంలో ఇదంతా సెకనులో ఇరవయ్యో వంతులో జరిగిపోతుంది.

ఆ పీడనం దూరంతో పాటు వేగంగా పడిపోతుంది, అది పడిపోయే క్రమంలోనే రాతికి వేరు వేరు గతులు పడతాయి. వంద గిగాపాస్కల్‌ల పైన రాయి ఆవిరి కావడం మొదలవుతుంది. 60 దాటితే మొత్తం కరుగుతుంది. 30 ప్రాంతంలో ప్లాజియోక్లేజ్ అనే తెల్లటి ఖనిజం కరగకుండానే స్ఫటిక అమరికను పోగొట్టుకుని గాజులా మారుతుంది. కొన్ని గిగాపాస్కల్‌ల దగ్గర రాయి నలిగి పిండవుతుంది. ఇవన్నీ నొక్కుడు చేసే పనులు, ఇవన్నీ బిలానికి దగ్గరలోనే అయిపోతాయి.

పదుల కిలోమీటర్ల అవతల పగిలిన రాతికి కారణం వేరు. గట్టి రాయిని నొక్కి విరగ్గొట్టాలంటే 100 నుంచి 200 మెగాపాస్కల్‌లు (వెయ్యి మెగాపాస్కల్‌లు ఒక గిగాపాస్కల్) కావాలి. అదే రాయిని లాగి విరగ్గొట్టాలంటే 10 ప్రాంతంలో చాలు. పెద్ద రాతి దిమ్మల్లో ముందే సన్న పగుళ్లు ఉంటాయి కాబట్టి అంత కూడా అక్కర్లేదు. షాక్ తరంగం వెనకాలే వదులు తరంగం వస్తుంది: నొక్కుడు పోయి రాయి ఒక్కసారిగా విచ్చుకోవాలని చూస్తుంది. పైగా షాక్ గోళాకారంలో విస్తరిస్తూ పోతుంటే రాయి చుట్టుకొలత దిశలో సాగదీయబడుతుంది. ఉపరితలానికి చేరిన తరంగానికి అవతల శూన్యమే కాబట్టి, అది నొక్కుడుగా వచ్చి లాగుడుగా వెనక్కి తిరుగుతుంది. గోడను ఒక వైపు బలంగా కొడితే అవతలి వైపు పెచ్చు ఊడేది ఇందుకే. నొక్కుడును సునాయాసంగా తట్టుకున్న రాయి, ఆ నొక్కుడును వదిలేసిన క్షణంలో విరుగుతుంది. పటలంలో ఎక్కువ భాగం అలా విరిగినదే.

ముక్కల పరిమాణం ఎలా తేలుతుందన్నది ఈ మొత్తంలో ముచ్చటైన భాగం. మెల్లగా లాగితే రాతిలోని అన్నిటికంటే బలహీనమైన పగులు ముందుగా తెరుచుకుంటుంది. అది తెరుచుకోగానే చుట్టుపక్కల బిగువు సడలుతుంది, పొరుగు పగుళ్లు తెరుచుకోవాల్సిన అవసరం తప్పుతుంది. ఫలితం పెద్ద పెద్ద దిమ్మలు. వడిగా లాగితే, ఒక పగులు తెరుచుకున్న కబురు పొరుగుకు చేరే లోపే అక్కడి పగుళ్లు కూడా తెరుచుకుంటాయి. ఆ కబురు రాతిలో ధ్వని వేగాన్ని మించి పోలేదు మరి. ఫలితం చిన్న చిన్న ముక్కలు. బిలం దగ్గర సాగుడు వడి ఎక్కువ, దూరం పోయే కొద్దీ తక్కువ. కాబట్టి దగ్గర పిండి, తరవాత గులకరాళ్లు, ఇంకా దూరాన ఇంటంత దిమ్మలు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. బిలం ఎంత లోతుందో అంత లోతు రాయి బయటికి ఎగిరిపోయిందని అనుకుంటారు. తాకిడికి క్షణకాలం ఏర్పడే గిన్నె లోతు దాని వెడల్పులో మూడో వంతు ఉంటుంది. కానీ అందులోంచి బయటికి ఎగిరేది వెడల్పులో పదో వంతు లోతు దాకా ఉన్న రాయి మాత్రమే. మిగతాది కిందికీ పక్కకూ నెట్టబడుతుంది. చిన్న బిలాల్లో గోడలు జారి అడుగున రాళ్ల గుట్టగా పేరుకుంటాయి. చంద్రుడి మీద 15, 20 కిలోమీటర్ల వెడల్పు దాటిన బిలాల్లో అడుగు తిరిగి పైకి లేచి నడిమి శిఖరం ఏర్పడుతుంది. కిలోమీటర్ల మందాన రాయి కిందికి పోయి, పైకి లేచి, పక్కలకు జారి ఆగేసరికి దానిలో ఏకముక్కగా ఏదీ మిగలదు.

పొరలు

పై నుంచి కిందికి చూస్తే మొదట ధూళి పొర, రెగొలిత్. లావా మైదానాల్లో 4, 5 మీటర్లు, పాత ఎత్తు ప్రాంతాల్లో 10 నుంచి 15 మీటర్లు. ఇందులో రేణువుల సగటు పరిమాణం మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువ. దాని కింద పెద్ద తాకిళ్లు విరజిమ్మిన శిథిలాల పొర, ఒకటి నుంచి కొన్ని కిలోమీటర్ల మందం. దీన్ని మెగారెగొలిత్ అంటారు. దాని కింద స్థానం కదిలిన దిమ్మలు. ఇంకా కింద స్థానం కదలకుండా ఉన్నచోటనే పగిలిన రాయి. అపోలో కంపన లెక్కల ప్రకారం 20 నుంచి 25 కిలోమీటర్ల లోతుకు వచ్చేసరికి తరంగాల వేగం గట్టిరాతి స్థాయికి చేరుతుంది. ఈ పొరల మధ్య గీత గీసినట్టు సరిహద్దులు ఉండవు, ఒకటి ఇంకోదానిలో కలిసిపోతుంది.

రెండో పొర ఏర్పడిన తీరు కాస్త చెప్పుకోవాలి. ఎగిరిన రాయి ఊరికే వచ్చి వాలదు. గాలి లేదు కాబట్టి ఎంత వేగంతో లేచిందో అంత వేగంతోనే పడుతుంది. చంద్రుడి గురుత్వంలో 100 కిలోమీటర్ల దూరం పడాలంటే రాయి సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో లేవాలి. 400 కిలోమీటర్లకైతే 800 మీటర్లు. ఆ వేగంతో పడిన రాయి స్థానిక నేలను దున్ని తనలో కలుపుకుంటుంది. దూరం పోయే కొద్దీ పొరలో వచ్చిన రాయి వాటా తగ్గి, దున్నబడిన స్థానిక రాయి వాటా పెరుగుతుంది. ఒకచోట దొరికిన రాయిని చూసి ఇది ఫలానా బిలం నుంచి వచ్చిందని చెప్పబోయేవాళ్లు తరచూ బోల్తా పడేది ఇక్కడే.

ఒక రాయిని దగ్గరగా చూస్తే

1971 ఫిబ్రవరిలో అపోలో 14 దిగిన ఫ్రా మౌరో ప్రాంతం ఇంబ్రియం అనే మహాబిలం విరజిమ్మిన శిథిలాలతో నిండినది. అక్కడ కోన్ అనే 340 మీటర్ల చిన్న బిలం ఉంది. ఆ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి అదే కారణం, ఎందుకంటే అది ప్రకృతి తవ్విన బోరుబావి: కింద ఉన్న శిథిలాలను పైకి తెచ్చి అంచున పేర్చింది. అక్కడ దొరికిన 14321 నంబరు రాయి 9 కిలోలు తూగింది, బిగ్ బెర్తా అని పేరు పడింది.

అది బ్రెక్షియా, అంటే రాతి ముక్కలు అతుక్కుని ఏర్పడిన రాయి. దాన్ని కోసి చూస్తే బూడిదరంగు పిండిలో ముదురు ముక్కలు, లేత ముక్కలు కలగలిసి కనిపిస్తాయి. ఒక ముదురు ముక్కను తీసుకుని భూతద్దం పెడితే అదీ బ్రెక్షియాయే, దానిలోనూ ఇంకా చిన్న ముక్కలు. ముక్కలో ముక్క, దానిలో ఇంకో ముక్క. చదివే నియమం సులువైనదే: లోపల చిక్కుకున్నది దాన్ని పట్టుకున్న పిండి కంటే ముందుగా గట్టిపడి ఉండాలి. ప్రతి పొరా పగలడం, కలవడం, వేడికి అతకడం అనే ఒక పూర్తి చక్రానికి గుర్తు.

వయసు కట్టడం మాత్రం అంత సులువు కాదు. పొటాషియం నుంచి పుట్టే ఆర్గాన్ వాయువును కొలిచే గడియారం, రాయి బాగా వేడెక్కితే ఆ వాయువు పోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. జిర్కాన్ స్ఫటికంలోని యురేనియం గడియారం అంత తేలిగ్గా చెదరదు. అందుకే ఒకే రాయిలో ఒక రేణువు 400 కోట్ల ఏళ్ల కంటే చాలా ముందు సంగతి, పక్కనే ఉన్న పిండి చివరి తాకిడి సంగతి చెప్పవచ్చు. రెండూ నిజాలే, ప్రశ్నలే వేరు.

అపోలో తాకిడి రాళ్ల వయసులు చాలావరకు 380 నుంచి 400 కోట్ల ఏళ్ల మధ్య గుమిగూడాయి. ఆ కాలంలో తాకిళ్ల వెల్లువ వచ్చిందన్న వాదన 1970లలో దానిలోంచే పుట్టింది. ఆ వాదనకు పెద్ద బలహీనత ఉంది. అపోలో దిగిన చోట్లన్నీ ఇటువైపు ముఖానివే, వాటి మీద ఇంబ్రియం శిథిలాల నీడ పడింది. ఒకే పెద్ద సంఘటన గడియారాలన్నిటినీ ఒకేసారి సున్నాకు తెచ్చి ఉంటే వెల్లువ లాగే కనిపిస్తుంది. 2024 జూన్‌లో చైనా నౌక చాంగ్ఎ 6 అవతలి ముఖం నుంచి 1,935.3 గ్రాముల మట్టి, రాళ్లు తెచ్చింది. వాటి ఆధారంగా దక్షిణ ధ్రువ ఐట్‌కిన్ బేసిన్, అంటే 2,500 కిలోమీటర్ల వెడల్పున్న ఆ అతి పెద్ద గాయం, వయసు 425 కోట్ల ఏళ్లని తేల్చారు. పటలం పగలడం ఒక్క విడతలో జరిగిన పని కాదన్న వైపే ఇది మొగ్గుతోంది.

ఊహ తలకిందులైన సందర్భం కూడా చెప్పుకోదగ్గదే. 1972లో అపోలో 16ను డెకార్ట్ ఎత్తు ప్రాంతానికి పంపింది అక్కడి చదునైన నేల, గుండ్రటి కొండలు అగ్నిపర్వత శిలలని నమ్మి. అక్కడ దొరికినవన్నీ దాదాపు బ్రెక్షియాలే. విరజిమ్మిన శిథిలం ద్రవంలా పారి పల్లాలను నింపితే పై నుంచి లావా మైదానంలాగే కనిపిస్తుందని అప్పుడు తెలిసింది.

ఖాళీని తూకం వేయడం

లోతున ఉన్న పగుళ్లను చూడలేం. కానీ పగిలిన రాయి ముందున్నంత చోటులో ఇమడదు. ఇటుకను పగలగొట్టి ముక్కలను మళ్లీ అదే కొలత పెట్టెలో వేస్తే పట్టవు. ముక్కలు కాస్త తిరుగుతాయి, మూలలు మూలలకు ఆనుకుంటాయి, మధ్య ఖాళీలు మిగులుతాయి. ఖాళీ ఉంటే సాంద్రత తగ్గుతుంది, సాంద్రత తగ్గితే గురుత్వం తగ్గుతుంది.

2012లో చంద్రుడి గురుత్వాన్ని కొలిచిన నాసా జంట నౌకలు, గ్రెయిల్, చేసింది ఇదే. ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ, మధ్య దూరం ఎలా మారుతోందో సెకనుకు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే తక్కువ తేడా వరకు కొలిచాయి. ముందు నౌక ఒక కొండను సమీపిస్తే కాస్త ముందుకు లాగబడుతుంది, దూరం పెరుగుతుంది. కొండల ఎత్తులు లేజర్ కొలతల వల్ల ముందే తెలుసు. ఇక లెక్క ఇలా సాగుతుంది: పటలానికి ఒక సాంద్రత అనుకుని, ఆ కొండలు కలిగించే గురుత్వాన్ని కొలిచిన దానిలోంచి తీసేయాలి. అనుకున్న సాంద్రత ఎక్కువైతే శేషంలో కొండలు గుంటలుగా కనిపిస్తాయి, తక్కువైతే కొండలుగానే మిగులుతాయి. ఏ విలువ దగ్గర కొండల జాడ మాయమవుతుందో అదే అసలు సాంద్రత.

తేలిన విలువ ఘనమీటరుకు 2,550 కిలోలు. అంతకు ముందు 2,800 నుంచి 2,900 అనుకునేవారు. అక్కడి ఖనిజాల సొంత సాంద్రత సుమారు 2,900. 2,550ని 2,900తో భాగిస్తే 0.88. మిగిలిన 12 శాతం ఖాళీ. ప్రాంతాన్ని బట్టి ఇది 4 నుంచి 21 శాతం దాకా మారుతుంది. ఈ ఒక్క సవరణతో పటలం సగటు మందం అంచనా కూడా తగ్గి, 34, 43 కిలోమీటర్ల మధ్యకు దిగివచ్చింది.

ఈ లెక్క దెబ్బతినేది రెండు చోట్ల. ఖనిజ సాంద్రతను ఇనుము, టైటానియం పాళ్లను బట్టి అంచనా వేస్తారు, అది తప్పితే ఖాళీ శాతమూ తప్పుతుంది. లావా మైదానాల్లో బరువైన బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన రాయి, తేలికైన పటలం మీద పరుచుకుని ఉంటుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి నేరుగా పనికిరాదు.

మానని గాయం

భూమి కూడా ఇన్ని దెబ్బలు తిన్నదే. కానీ ఇక్కడ నీరు పగుళ్లలోకి దిగి ఖనిజాలను పేర్చి పూడుస్తుంది, ఫలకాల కదలిక పాత పటలాన్ని మింగేస్తుంది. చంద్రుడి మీద పగులును మూయగలిగేవి రెండే: పైబరువు, లోపలి వేడి. పైబరువు అక్కడ బొత్తిగా తక్కువ. 20 కిలోమీటర్ల లోతున పీడనం సుమారు 83 మెగాపాస్కల్‌లు. భూమి మీద అంత పీడనం 3 కిలోమీటర్ల లోతులోనే వస్తుంది. కాబట్టి చంద్రుడి పగుళ్లు మూసుకోవడం మొదలయ్యేదే బాగా లోతున. అంతకంటే కింద, వేడికి రాయి మెత్తబడి మెల్లగా పారే చోట, ఖాళీలు నిజంగా పూడిపోతాయి.

అలాగని ప్రతి దెబ్బకూ ఖాళీ పెరుగుతూ పోదు. గట్టి రాతిని కొడితే పగిలి ఉబ్బుతుంది. ముందే గుల్లగా ఉన్నదాన్ని కొడితే ఉన్న ఖాళీలు నలిగి మూసుకుంటాయి. రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకునే దశకు చేరాక పటలం ఒక స్థాయి దగ్గర నిలిచిపోతుంది. గ్రెయిల్ పటంలో కొన్ని బిలాల కింద గురుత్వం చుట్టుపక్కల కంటే తక్కువగా, కొన్నిటి కింద ఎక్కువగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ నలుగుడు ఎంత దూరం పోగలదో మథిల్డే అనే గ్రహశకలం చూపించింది. 1997లో నియర్ నౌక పక్కనుంచి వెళ్తూ కొలిస్తే దాని సాంద్రత నీటి కంటే కొంచెమే ఎక్కువ, 1.3. దాదాపు సగం ఖాళీయే. దాని మీద ఉన్న మహాబిలాల్లో ఏదైనా గట్టి శకలాన్ని ముక్కలు చేయగలిగేదే. గుల్లతనమే దాన్ని కాపాడింది: దెబ్బ శక్తి నలుగుడులోనే ఖర్చయిపోయింది.

మిగతా లోకాల్లో పాళ్లు మారుతాయి. బుధుడి మీద తాకిడి వేగం చంద్రుడి మీద కంటే దాదాపు రెట్టింపు, గురుత్వమూ రెట్టింపు పైనే. కాబట్టి కరిగే రాయి ఎక్కువ, శిథిలాలు పడే దూరం తక్కువ, ఆపైన లావా చాలా చోట్ల పాత గాయాలను కప్పేసింది. వెస్టా అనే గ్రహశకలం మీద 505 కిలోమీటర్ల రియాసిల్వియా బిలం ఆ శకలం వెడల్పుకు దాదాపు సమానం. దక్షిణ ధ్రువం దగ్గర తగిలిన దెబ్బలకు మధ్యరేఖ చుట్టూ వందల కిలోమీటర్ల పొడవున లోయలు విచ్చుకున్నాయి. చిన్న లోకంలో షాక్ తప్పించుకుపోవడానికి చోటు ఉండదు.

పగిలిన పటలం దుప్పటి పని కూడా చేస్తుంది. గట్టి రాయి ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 2 వాట్లు. పైపొర ధూళిది శూన్యంలో అందులో వందో వంతు కంటే తక్కువ. లోతున ఉన్న ముక్కల పొర ఈ రెంటికీ మధ్య. ఆ దుప్పటి మందాన్ని బట్టే లోపలి వేడి ఎంత కాలం నిలిచింది, లావా ఎప్పటి వరకు పైకి వచ్చింది అన్నవి మారతాయి.

ఆ వేడిని కొలవబోయే అపోలో 15 డ్రిల్లు 1971లో చిక్కుకుపోయింది. మూడు మీటర్లు తవ్వాలనుకుంటే అందులో సగం దగ్గరే ఆగింది. పై 15 సెంటీమీటర్ల మట్టి సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు. అర మీటరు దాటేసరికి 1.8 ప్రాంతం, అంటే ఆ మట్టిని ఇంకా కూరడానికి దాదాపు వీల్లేనంత. కోట్ల ఏళ్లుగా చిన్న చిన్న తాకిళ్ల అదురుకు రేణువులు సర్దుకుంటూ, కోణాలు కోణాల్లో ఇరుక్కుంటూ దిగబడ్డాయి. పొడి పైకి రావడానికి డ్రిల్లు గొట్టం మీద చుట్టిన గాడి అతుకుల దగ్గర తెగిపోయి ఉంది. పొడి అక్కడ ఆగి, పక్కకు జరుగుదామంటే పక్కన చోటు లేక, గొట్టాన్ని బిగించి పట్టుకుంది. తరవాతి యాత్రలకు ఆ అతుకులను మార్చారు, అపోలో 17లో కొలత గొట్టాలు రెండు మీటర్లు దాటి దిగాయి.